శవపేటిక డ్యాన్స్ పాట ఘనాదేనా? అసలు ఘనా సంగీతం గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

గోదారిగట్టు
శుక్రవారం, రాత్రి 9:12

2020 లాక్‌డౌన్‌లో అందరి ఫోన్లలోకీ వచ్చిన ఆ శవపేటిక డ్యాన్స్ గుర్తుందా? సూట్లు, నల్ల కళ్ళద్దాలు, భుజాల మీద పెట్టె, కింద చిందులు. నిన్న మా అబ్బాయి దాన్ని మళ్ళీ ఎక్కడో చూసి "నాన్నా, ఈ పాట ఏ దేశానిది?" అన్నాడు. ఘనా అని ఠక్కున చెప్పేశాను. ఆ తర్వాత అనుమానం పట్టుకుంది. ఘనా గురించి నాకు తెలిసింది కోకో, బంగారం, ఫుట్‌బాల్. అంతే.

అక్కడి పాటలు ఎక్కడ మొదలయ్యాయి, ఇప్పుడు ఏం నడుస్తోంది? వికీపీడియా చదువుకోమని మాత్రం అనకండి. విన్నవాళ్ళు చెప్తే వినాలని ఉంది.

బీట్_కిరణ్
శుక్రవారం, రాత్రి 9:30

అన్నా, ముందు మీ అబ్బాయికి సారీ చెప్పాలి మీరు. ఆ ట్యూన్ ఘనాది కాదు. దాని పేరు 'ఆస్ట్రోనోమియా'. టోనీ ఇగీ అనే రష్యన్ చేసింది, వైస్‌టోన్ అనే డచ్ జంట రీమిక్స్ చేసింది. మీమ్ చేసినవాళ్ళెవరో ఘనా వీడియోకి దాన్ని అతికించారు. పెట్టె మోసేవాళ్ళు మాత్రం నిజంగా ఘనావాళ్ళే, బెంజమిన్ ఐడూ బృందం.

ఘనా పాటలు కావాలంటే ఇప్పటి ర్యాపర్లు బ్లాక్ షెరిఫ్, సార్కోడీలతో మొదలుపెట్టండి. పాతవి తర్వాత వినొచ్చు. నిజం చెప్పాలంటే పాతవన్నీ నాకు ఒకేలా వినపడతాయి.

పాతరికార్డు
శుక్రవారం, రాత్రి 10:05

కిరణ్ బాబూ, అన్నీ ఒకేలా వినపడుతున్నాయంటే అది పాటల తప్పు కాదు, హెడ్‌ఫోన్స్ తప్పు అయ్యుంటుంది. రేపు తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి.

టేమా_రాజు
శనివారం, ఉదయం 11:48

నేను తొమ్మిదేళ్ళుగా టేమాలో ఉంటున్నాను. ఘనా రాజధాని అక్రా పక్కనే ఉన్న రేవు పట్నం. సంగీతం తెలిసినవాణ్ణి కాదు గానీ, ఇక్కడ సంగీతం నుంచి తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు. ట్రోట్రో (మన షేర్ ఆటోలాంటి మినీ బస్సు) ఎక్కినా, రోడ్డు పక్క చాప్ బార్‌లో తినడానికి కూర్చున్నా పాట మోగుతూనే ఉంటుంది.

మీమ్‌లో చూసిన అంత్యక్రియలకి అసలు ఏ పాటలు పెడతారో చెప్తాను. వచ్చిన కొత్తలో మా కంపెనీ డ్రైవర్ వాళ్ళ పెద్దమ్మ పోతే వాళ్ళ ఊరికి వెళ్ళాను. అశాంతీ ప్రాంతం. శనివారం పొద్దున్న. అందరూ నలుపు, ఎరుపు బట్టల్లో ఉన్నారు. నేను మన అలవాటు కొద్దీ తెల్ల చొక్కా వేసుకెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఫొటోలన్నిట్లో నేనొక్కణ్ణే కొంగలా కనిపిస్తాను.

అక్కడ మూడు రకాల సంగీతం విన్నాను. ఒక మూల ముసలివాళ్ళు అడోవా డోళ్ళు వాయిస్తున్నారు. ఆడవాళ్ళు చేతులతో ఏదో చెబుతున్నట్టు మెల్లగా ఆడుతున్నారు. ఇంకో పక్క బ్రాస్ బ్యాండు. మధ్యాహ్నం దాటాక డీజే, పెద్ద పెద్ద స్పీకర్లు, పాత హైలైఫ్ (ఇక్కడి బాకాలు, గిటార్ల డ్యాన్స్ సంగీతం) పాటలు. సాయంత్రానికి వాటి మధ్యలోకి కొత్త ర్యాప్ కూడా వచ్చేసింది. మూడు తరాలవాళ్ళు ఒకే పందిట్లో, ఎవరి పాట వచ్చినప్పుడు వాళ్ళు లేచి ఆడుతూ.

గోదారిగట్టు గారూ, మీరడిగిన చరిత్రంతా ఆ ఒక్క రోజులో నా ముందు నడిచిందని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

డప్పు_సాయిలు
శనివారం, మధ్యాహ్నం 1:20

రాజన్నా, మా దిక్కు కూడా చావుకి డప్పు లేకుంటే శవం లేవదు. ముసలోళ్ళు నిండుగా బతికి పోతే చిందులు కూడా ఏస్తరు. అందుకే ఆ మీమ్ చూసి ఊరంతా నవ్వినా మా తాతకి మాత్రం వింతనిపించలే.

అడోవాలో ఏమేం వాయిస్తరో చెప్పగలవా? తాళం ఎవరు పట్టుకుంటరు?

టేమా_రాజు
శనివారం, మధ్యాహ్నం 2:02

తాళం పట్టేది డోలు కాదు సాయిలన్నా, గంట. దావురో అంటారు. పడవ ఆకారంలో ఉండే ఇనుప గంట. దాన్ని పుల్లతో కొడుతూ ఒకే వరసని మొదటి నుంచి చివరి దాకా మార్చకుండా వాయిస్తారు. మిగతావాళ్ళందరూ దాని చుట్టూ తిరుగుతారు. మొదట్లో నాకు 'ఒకటి' ఎక్కడుందో పట్టుకోవడమే రాలేదు. చప్పట్లు తప్పు చోట కొడుతుంటే పక్కనున్న ముసలావిడ నా చేయి పట్టుకుని ఆపేసింది.

డోళ్ళలో పెద్దవి అటుంపన్, జంటగా ఉంటాయి. ఒకటి హెచ్చు స్థాయి, ఇంకోటి తగ్గు స్థాయి. ఇవి మాట్లాడతాయి. ఊరికే అలంకారంగా అనడం లేదు. ఇక్కడి త్వీ భాషలో మాట అర్థం స్వరం మీద ఆధారపడుతుంది. 'పాపా' అన్న ఒక్క మాటనే స్వరం మార్చి పలికితే మంచి, నాన్న, విసనకర్ర, ఇలా మూడు అర్థాలొస్తాయి. ఆ హెచ్చుతగ్గుల్ని రెండు డోళ్ళ మీద వాయిస్తే తెలిసినవాడికి వాక్యం వినిపిస్తుంది. డొన్నో అని ఇంకోటి ఉంది, నడుము సన్నగా, మన ఢమరుకంలా.

పాతరికార్డు
శనివారం, రాత్రి 8:40

రాజు గారు నా పని సగం తగ్గించారు. ఆ స్వరం సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత ర్యాప్ దగ్గర పనికొస్తుంది. మిషనరీలు ఇంగ్లీషు కీర్తనల బాణీల్లో త్వీ మాటలు ఇరికించినప్పుడు బాణీ పైకి వెళ్ళాల్సిన చోట మాట కిందికి రావడంతో అర్థాలు చెదిరిపోయాయి. ఎఫ్రయిమ్ అము అనే పంతులు గారు దీన్ని సరిచేస్తూ మాట స్వరాన్ని బట్టి బాణీలు కట్టారు. చర్చిలో సూటు కాకుండా దేశీ వస్త్రం కట్టుకుని ప్రసంగించినందుకు 1933లో ఆయన ఉద్యోగం ఊడింది.

ఇక హైలైఫ్. ఇది మూడు దారుల్లో వచ్చింది.

మొదటిది సైనికుల దారి. అశాంతీలతో యుద్ధాల కోసం 1870ల నుంచి బ్రిటిష్‌వాళ్ళు వెస్టిండీస్ నుంచి నల్లజాతి సైనికుల్ని తెచ్చి కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో పెట్టారు. పెరేడ్ మైదానంలో మార్చింగ్ పాటలు, సాయంత్రం సెలవు దొరికితే తమ కరీబియన్ పాటలు. అవి విన్న కోస్తా ఫాంటీ కుర్రాళ్ళు అవే బాకాలతో తమ తాళంలో వాయించడం మొదలుపెట్టారు. దాన్ని అడాహా అన్నారు. బాకాలు కొనే స్తోమత లేని ఊళ్ళలో 1930ల నాటికి డోళ్ళు, గొంతులతోనే ఆ పని కానిచ్చారు. అది కొంకోమా. చేతిలో వాద్యం లేకపోయినా డ్రిల్లు మాత్రం అచ్చం సైనికుల్లాగే.

రెండోది ఓడల దారి. లైబీరియా నుంచి వచ్చే క్రూ నావికులు గిటార్‌ని బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటితోనే మీటేవారు. ఆ వాయింపు రేవు నుంచి రేవుకి పాకి, కల్లుపాకల్లో స్థిరపడింది. అందుకే దాన్ని పామ్‌వైన్ సంగీతం అన్నారు, అంటే కల్లు పాటలే. లోపలి అకాన్ జాతివాళ్ళ పల్లెల్లో సెపెరెవా అనే పాత తంతివాద్యం ఉండేది. దాన్ని వాయించేవాళ్ళు గిటార్ చేత పట్టి సెపెరెవా పద్ధతిలోనే మీటారు.

మూడోది దొరల క్లబ్బుల దారి. దాని కథ వేరుగా చెప్తాను, ఎందుకంటే హైలైఫ్ అన్న పేరు అక్కడే పుట్టింది.

గోదారిగట్టు
శనివారం, రాత్రి 9:01

చెప్పండి మాస్టారూ, మధ్యలో ఆపకండి.

పాతరికార్డు
శనివారం, రాత్రి 9:35

1920లలో అక్రా, కేప్ కోస్ట్, సెకొండీ పట్నాల్లో చదువుకున్న నల్లదొరల కోసం డ్యాన్స్ ఆర్కెస్ట్రాలు ఉండేవి. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ వాయిస్తూ మధ్య మధ్యలో వీధిపాటలు కూడా అందుకునేవారు. లోపలికి వెళ్ళాలంటే ఒక జంటకి దాదాపు ఏడున్నర షిల్లింగులు. పైగా పూర్తి సాయంకాలపు దుస్తులు, స్తోమత ఉంటే పొడుగు టోపీ. అంత డబ్బు పెట్టలేని జనం బయట గుమిగూడి, తమ వీధిపాటే లోపల మోగుతుంటే వింటూ, లోపలివాళ్ళని చూసి "వీళ్ళది హై లైఫ్" అన్నారట. ఈ సంగతి చెప్పింది ఆనాటి బ్యాండు నాయకుడు యెబువా మెన్సా, ఆయన దగ్గర విని రాసిపెట్టినవారు సంగీత చరిత్రకారుడు జాన్ కాలిన్స్.

అంటే పాట కట్టింది బయటివాళ్ళు, పేరు పెట్టింది బయటివాళ్ళు, టికెట్టు కొన్నది లోపలివాళ్ళు.

డప్పు_సాయిలు
శనివారం, రాత్రి 9:50

గోడ బయట నిలబడి తమ పాట తామే వినుడు. మాకు కొత్తేం కాదు ఇది. పెండ్లిళ్ళ బ్యాండు మేళం కూడా దొరల సైన్యం బాకాలే కదా. కోటు, టోపీ అట్లనే మిగిలినయి, పాట మాత్రం మనది.

సువర్ణ_లండన్
ఆదివారం, ఉదయం 10:15

ఆలస్యంగా వచ్చాను, కాస్త చోటివ్వండి. యెబువా గారి తమ్ముడే ఇ.టి. మెన్సా. మందుల షాపు నడిపిన ఫార్మసిస్టు, ట్రంపెట్, శాక్సఫోన్ వాయించేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన టెంపోస్ బ్యాండు ఆ పెద్ద ఆర్కెస్ట్రాని కుదించి చిన్నది చేసింది. కొద్దిమందే, జాజ్, కాలిప్సో, క్యూబన్ తాళాలు అన్నీ కలిపి వాయించేవారు. 1956లో అమెరికన్ జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వచ్చినప్పుడు ఈయనతో కలిసి వాయించారు. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చేసరికి హైలైఫ్ అంటే కొత్త దేశపు గొంతు.

మా మేనమామ దగ్గర ఒక క్యాసెట్ ఉండేది, అట్ట మీద రెక్కల ఏనుగు. ఆ బ్యాండు పేరు ఒసిబిసా. 1969లో లండన్‌లో టెడ్డీ ఒసేయీ మొదలుపెట్టాడు. పేరు ఊరికే పెట్టుకోలేదు, ఒసిబిసాబా అన్నది పాత ఫాంటీ కోస్తా పాటల రకం. వాళ్ళు 1980ల మొదట్లో మన దేశం వచ్చి కచేరీలు చేశారు, ఆ రికార్డింగు ఆల్బమ్‌గా కూడా వచ్చింది. కాబట్టి ఘనా సంగీతం మనకి మీమ్‌తో పరిచయం కాలేదు గోదారిగట్టు గారూ, నలభై ఏళ్ళ కిందే వచ్చి వాయించి వెళ్ళింది. టెడ్డీ 2025 జనవరిలో పోయారు.

బీట్_కిరణ్
ఆదివారం, ఉదయం 10:40

ఒసిబిసా ఓకే, వింటే ఊపుంది. గిటార్ బ్యాండ్లే నాకు ఎక్కలేదు. అదే మూడు కార్డ్‌లు, పది నిమిషాలు. భాష తెలియనివాడికి అందులో ఏముంటుంది?

టేమా_రాజు
ఆదివారం, మధ్యాహ్నం 12:30

కిరణ్, భాష తెలియకపోతే సగం పోయినట్టే, నిజమే. అందుకే ఒక పాట కథ చెప్తాను.

నానా అంపాడు, ఆఫ్రికన్ బ్రదర్స్ బ్యాండు. 1967 పాట, 'ఎబీ తె యీయే'. అంటే 'కొందరు బాగా కూర్చున్నారు' అని. అడవిలో జంతువుల సభ జరుగుతోంది. చిరుతపులి వెళ్ళి చిన్న జింక వెనకాల కూర్చుని దాని తోకని కాలితో అదిమి పెట్టింది. జింక మాట్లాడబోయినప్పుడల్లా నొక్కుతుంది. చివరికి జింక అరిచింది, అయ్యా సభాధ్యక్షా, కొందరు బాగా కూర్చున్నారు, కొందరికి కూర్చునే వీలే లేదు అని. అంతే పాట.

అంతకు ముందు ఏడాదే సైన్యం దేశాధ్యక్షుడు ఎన్క్రూమాని దించేసింది. ఇక జనానికి పులి ఎవరో, జింక ఎవరో విడమరిచి చెప్పాలా? దీన్ని ఇక్కడ అకుతియా అంటారు. పేరు చెప్పకుండా పొడవడం. మన ఎత్తిపొడుపు. అంపాడు పోయినప్పుడు, 2021లో, మా ఆఫీసులో యాభై దాటినవాళ్ళందరూ ఆ రోజంతా ఇదే పాట పెట్టుకున్నారు. కుర్రాళ్ళకీ కథ తెలుసు, పాట పూర్తిగా వినకపోయినా.

బీట్_కిరణ్
ఆదివారం, మధ్యాహ్నం 12:44

సరే, ఇది బాగుంది. వింటా. ఒప్పుకున్నా.

పాతరికార్డు
ఆదివారం, మధ్యాహ్నం 3:10

కిరణ్ బాబు దారిలోకి వస్తున్నాడు.

గిటార్ బ్యాండ్లంటే కచేరీ ఒక్కటే కాదు. ఇ.కె. న్యామె 1952లో పెట్టిన అకాన్ ట్రయో దాన్ని కాన్సర్ట్ పార్టీ నాటకంతో కలిపింది. రాత్రంతా నాటకం, మధ్యలో పాటలు, విదూషకులు, ఆడవేషాలు మగవాళ్ళవే. ఊరూరా తిరిగేవారు. సురభి నాటకాలు చూసినవాళ్ళకి ఆ లారీలు, ఆ పెట్టెలు ఊహించుకోవడం కష్టం కాదు. 1970ల దాకా వైభవం. టేమాలో, కుమాసిలో రికార్డు ఫ్యాక్టరీలు ఉండేవి. సి.కె. మాన్, ఎబో టేలర్, పాట్ థామస్, గెడూ-బ్లే అంబోలీ. అంబోలీ అయితే 1973 నాటికే పాటలో మాటలు దంచేశాడు, ర్యాప్ అన్న పేరు అమెరికాలో స్థిరపడకముందే.

తర్వాత వచ్చిన బర్గర్ హైలైఫ్ దీన్నంతా చంపేసింది. పన్నెండు మంది వాయించే చోట ఒక మిషను. నా బాధ అదే.

సువర్ణ_లండన్
ఆదివారం, సాయంత్రం 5:20

మాస్టారూ, ఇక్కడ మీతో గొడవ పెట్టుకుంటాను. మిషను చంపలేదు. అప్పటికే చచ్చిపోతున్నదాన్ని మిషను ఏదో రకంగా బతికించింది.

1981 డిసెంబర్ 31న రాలింగ్స్ అనే సైనికాధికారి కుట్రతో అధికారంలోకి వచ్చాడు. ఆ తర్వాత రెండేళ్ళ పైగా రాత్రి కర్ఫ్యూ. రాత్రంతా నాటకం ఆడేవాడు కర్ఫ్యూలో ఏం చేస్తాడు? డ్యాన్స్ బ్యాండు ఎవరికి వాయిస్తుంది? పైగా వాద్యాల దిగుమతి మీద విలాస వస్తువుల సుంకం. 1983లో కరువు, కార్చిచ్చులు. అదే ఏడాది నైజీరియా పది లక్షల మందికి పైగా ఘనావాళ్ళని వెళ్ళగొట్టింది. ఆకలికి బయటపడిన మెడ కింది ఎముకల్ని జనం 'రాలింగ్స్ నెక్లెస్' అని పిలుచుకున్నారు. ఇంత జరిగాక పన్నెండు మంది బ్యాండు లేదేం అని అడగడం న్యాయమేనా?

వాయించేవాళ్ళు దేశం విడిచిపోయారు. చాలామంది జర్మనీ చేరారు. ఒకడు గిటారిస్టు, ఒకడు పాటగాడు, మిగతా అంతా డ్రమ్ మిషను, సింథసైజర్. జార్జ్ డార్కో 'అకూ తె బ్రోఫో' 1983లో అలా వచ్చిందే. చిలకకి పరాయి భాష వచ్చిందని ఆ మాటకి అర్థం. జర్మనీలో బతికేవాళ్ళకి ఇంతకంటే సరైన పేరు ఏం పెడతారు? బర్గర్ అంటే తినేది కాదు. హాంబర్గ్ నుంచి వచ్చిందని కొందరు, పౌరుడు అనే జర్మన్ మాట నుంచి అని కొందరు. విదేశం వెళ్ళి నాలుగు డబ్బులతో తిరిగొచ్చినవాణ్ణి ఇప్పటికీ బోగా అనే పిలుస్తారు.

డప్పు_సాయిలు
ఆదివారం, సాయంత్రం 6:02

అంటే మా జగిత్యాల దిక్కు 'దుబాయోడు' అన్నట్టు. గడియారం, సెంటు వాసన, తిరిగిపోయేటప్పుడు ఏడుపు. దుబాయి పాటలు మాకూ ఉన్నయక్కా, బస్టాండ్ల మోగుతయి. వాళ్ళవి కూడా ఏడుపు పాటలేనా?

సువర్ణ_లండన్
ఆదివారం, సాయంత్రం 6:25

డ్యాన్స్ తాళంలో ఏడుపు, సాయిలన్నా. డాడీ లుంబా, నానా అచంపాంగ్ కలిసి లుంబా బ్రదర్స్‌గా 1989లో తెచ్చిన ఆల్బమ్ పేరులోనే ఆ గోడుంది, ప్రయాణం పోయి మధ్యలో చిక్కుకుపోవడం. ఆ పేరులోని 'అక్వాంతువో' అంటే ప్రయాణం, వలస. తర్వాత డాడీ లుంబా ఒక్కడే దాదాపు ముప్ఫై ఏళ్ళు ఏలాడు. 2025 జులైలో పోయినప్పుడు లండన్‌లో మా వీధి చివర ఘనా సెలూన్‌లో వారం రోజులు ఇంకెవరి పాటా పెట్టలేదు. జుట్టు కత్తిరించే ఆవిడ ఏడుస్తూనే కత్తిరించింది. నా జుట్టు సంగతి అడగకండి.

పాతరికార్డు
ఆదివారం, రాత్రి 8:00

కర్ఫ్యూ సంగతి ఒప్పుకుంటాను సువర్ణమ్మా. డ్రమ్ మిషను శబ్దాన్ని మాత్రం ఒప్పుకోను. అది నా హక్కు.

సువర్ణ_లండన్
ఆదివారం, రాత్రి 8:12

హక్కు మీదే. ఇంకో ముక్క. ఊళ్ళో మిగిలిపోయినవాళ్ళకి దారి చూపింది చర్చి. క్లబ్బులు మూతపడినా చర్చికి తాళం పడలేదు, వాద్యాలున్నాయి, పన్ను లేదు. గోస్పెల్ హైలైఫ్ అక్కడ పెరిగింది. రాత్రిపూట బ్యాండులో పాడే ఆడపిల్లని చెడ్డదానిగా చూసే రోజుల్లో, చర్చిలో పాడితే తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఈ రోజు ఘనాలో ఇంతమంది గాయనులు ఉన్నారంటే కారణాల్లో ఇదొకటి.

బీట్_కిరణ్
ఆదివారం, రాత్రి 9:15

ఇక నా టర్న్. హిప్‌లైఫ్.

1990ల మొదట్లో అక్రా కుర్రాళ్ళు అమెరికన్ యాసలో ర్యాప్ చేసేవాళ్ళు. పరాయి చిలకలే మళ్ళీ. రెజ్జీ రాక్‌స్టోన్ ఇంగ్లండ్‌లో పుట్టినవాడు. అంత ఇంగ్లీషు వచ్చినవాడు 1994లో అక్రా వచ్చి త్వీలో ర్యాప్ మొదలుపెట్టాడు. 1997లో 'మకా మకా' ఆల్బమ్. హిప్‌హాప్, హైలైఫ్ కలిపి హిప్‌లైఫ్. ఇంకో పెద్ద కారణం రేడియో. అంతవరకు ప్రభుత్వ రేడియో ఒక్కటే. 1995 నుంచి ప్రైవేటు ఎఫ్‌ఎంలు. వాళ్ళకి రోజంతా మోగడానికి లోకల్ పాటలు కావాలి, కుర్రాళ్ళకి మైకు కావాలి.

1999లో ర్యాపర్ ఒబ్రాఫోర్ ఆల్బమ్ 'పే ము కా'. ఇక్కడ నేను పాతరికార్డు గారికి ఒక బహుమతి ఇస్తున్నా. ఒబ్రాఫోర్ అంటే రాజాస్థానంలో తలారి. అదే కాలంలో ఇంకో జంట పేరు అచామె, అంటే రాజు తరఫున మాట్లాడే వాక్పటువులు. వాళ్ళు రాసింది వీధి బూతులు కాదు, నిండా సామెతలు. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని ఆస్థానం మాటలు మాట్లాడారు. రాజన్న చెప్పిన స్వరం సంగతి కూడా ఇక్కడే. త్వీ మాటకే రాగం ఉంది కాబట్టి ర్యాప్ సగం పాడినట్టే ఉంటుంది.

పాతరికార్డు
ఆదివారం, రాత్రి 9:40

బహుమతి స్వీకరించాను. తలారి, వాక్పటువు... ఇది నాకు తెలియదు. బాగుంది.

గోదారిగట్టు
సోమవారం, ఉదయం 7:30

ఒక సందేహం. ఇన్ని చేతులు మారిన పాట ఎవరిది? హక్కులు ఎవరికి? మన సినిమాల్లో జానపదం వాడినప్పుడల్లా వచ్చే గొడవే ఇది.

పాతరికార్డు
సోమవారం, మధ్యాహ్నం 1:15

సరిగ్గా అడిగారు, దీని మీద ఘనాలో పెద్ద కథే ఉంది.

'యా అంపోన్సా' అని ఒక పాట. యా అంటే గురువారం పుట్టిన ఆడపిల్ల, అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు. అంపోన్సా అనే అందగత్తె మీద కట్టిన పాట. 1928లో కుమాసి ట్రయో లండన్ వెళ్ళి జోనోఫోన్ కంపెనీకి రికార్డు చేసింది. నాయకుడు క్వామె అసారె, ఇంకో పేరు జేకబ్ సామ్. ఒక క్రూ నావికుడి దగ్గర గిటార్ నేర్చుకున్నవాడు. ఆ బాణీ ఎంత పాకిందంటే దాని మీద ఎన్ని హైలైఫ్ పాటలు కట్టారో లెక్క తెగదు.

1990లో అమెరికన్ పాటగాడు పాల్ సైమన్ తన 'ద రిథమ్ ఆఫ్ ద సెయింట్స్' ఆల్బమ్‌లో ఒక పాటకి దాన్ని వాడుకున్నాడు. వాడుకుని ఊరుకోలేదు, ఎవరికి చెల్లించాలని అడిగాడు. అసారె పేరు వచ్చింది. ఘనా అధికారులు విచారించి, ఇది ఒక మనిషిది కాదు, జానపదం అన్నారు. 1985 చట్టం ప్రకారం జానపదం ప్రభుత్వం సంరక్షణలోది. కాబట్టి రాయల్టీ ప్రభుత్వానికి. ఈ వ్యవహారం తర్వాతే జాతీయ జానపద మండలి ఏర్పడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. 2005 చట్టంలో ఘనా పౌరులు కూడా జానపదాన్ని వ్యాపారానికి వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాలని పెట్టారు. విదేశీయుడి కోసం వేసిన కంచె ఊళ్ళో కుర్రాడి కాలికి తగిలింది. కాలిన్స్‌తో సహా సంగీతం తెలిసినవాళ్ళు చాలామంది దాన్ని వ్యతిరేకించారు. నా మాట కూడా అదే. అందరూ తలా ఒక చేయి వేసి పెంచిన బాణీకి గేటు పెట్టి టికెట్టు అడిగితే అది మళ్ళీ ఏడున్నర షిల్లింగుల కథే.

బీట్_కిరణ్
సోమవారం, మధ్యాహ్నం 1:50

ఇంకో ట్విస్ట్. పాల్ సైమన్ అడిగి ఇచ్చాడు. 2023లో ఒబ్రాఫోర్ న్యూయార్క్ కోర్టులో కెనడా ర్యాపర్ డ్రేక్ మీద దావా వేశాడు, అనుమతి రాకముందే తన పాట ముక్క వాడేశారని. తలారి కోర్టు మెట్లు ఎక్కాడు.

టేమా_రాజు
సోమవారం, రాత్రి 8:30

ఇప్పటి సంగతి కొంచెం చెప్తాను, కళ్ళతో చూసింది కాబట్టి.

నేను రాకముందే, 2011 ప్రాంతంలో, అజోంటో వచ్చింది. అక్రాలో 'గా' అనే జాతివాళ్ళ పాత పేటలు, జేమ్స్ టౌన్, బుకోమ్, చోర్కోర్. అక్కడ 'అపా' అనే ఆట ఉండేది, కూలి పనుల్ని అనుకరిస్తూ. బట్టలు ఉతకడం, బండి నడపడం, బుకోమ్‌లో అయితే బాక్సింగ్ కూడా. దానికి కంప్యూటర్ బీట్ తోడైతే అజోంటో. ఫ్యూజ్ ఓడీజీలాంటి వాళ్ళు లండన్‌లో పాటలు కట్టారు, యూట్యూబ్ మిగతా పని చేసింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నాచేత చేయిస్తారు. నాకు వచ్చిన ఒకే స్టెప్పు ఇస్త్రీ.

ఆ తర్వాత షట్టా వాలే, స్టోన్‌బోయ్ డ్యాన్స్‌హాల్ (జమైకా రకం పాటలు) తగాదాలు. మా గోడౌన్‌లో రెండు పార్టీలు, మధ్యలో నేను. దాని గురించి ఎక్కువ రాయను, రేపు మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి.

2020లో కుమాసి నుంచి అసాకా. షికాగోలో పుట్టి లండన్ మీదుగా వచ్చిన డ్రిల్ అనే ర్యాప్ రకం. కుర్రాళ్ళు కుమాసిని కుమెరికా చేసేశారు. 'కసా' అంటే మాట్లాడు, దాన్ని తిప్పి పలికితే అసాకా. యావ్ టాగ్ పాట 'సోరే' ఆ ఏడాదే. మరుసటి ఏడాది రీమిక్స్‌లో లండన్ ర్యాపర్ స్టార్మ్‌జీ కలిశాడు, అతని మూలాలూ ఘనావే.

పాతరికార్డు
సోమవారం, రాత్రి 9:05

సోరే విన్నాను. రెండు నిమిషాలకి తలనొప్పి వచ్చింది. అయినా అడుగుతున్నాను, ఇందులో గంట ఎక్కడుంది? తాళం పూర్తిగా పరాయిది కదా? ఇక్కడ తాడు తెగిందంటే ఒప్పుకుంటారా?

బీట్_కిరణ్
సోమవారం, రాత్రి 9:20

తాళం వరకు ఒప్పుకుంటా మాస్టారూ. అసాకాలో గంట లేదు. వెతికి ఉందని అబద్ధం చెప్పను. మాట మాత్రం పూర్తిగా వాళ్ళదే.

సువర్ణ_లండన్
సోమవారం, రాత్రి 10:10

బ్లాక్ షెరిఫ్‌ని వినండి మాస్టారూ. కోనోంగో కుర్రాడు. 2022లో 'క్వాకు ద ట్రావెలర్'. క్వాకు అంటే బుధవారం పుట్టినవాడు, ట్రావెలర్ అంటే ప్రయాణికుడు. అదే అక్వాంతువో, ముప్ఫై మూడేళ్ళ తర్వాత. గొంతులో ఆ జీర చూడండి, బర్గర్ల గోడే. బీట్ మాత్రం వేరే.

ఇంకో తాడు నిజంగా రక్తబంధమే. లుంబా బ్రదర్స్‌లో నానా అచంపాంగ్ కూతురు గ్యాకీ. 2020లో 'ఫరెవర్' పాడింది. తండ్రిది వలస పాట, కూతురిది ప్రేమ పాట. రెండూ వెంట వెంటనే పెట్టుకుని వినండి, గోదారిగట్టు గారూ, మీ అబ్బాయికి కూడా వినిపించండి.

డప్పు_సాయిలు
సోమవారం, రాత్రి 10:30

మొన్న 2025 డిసెంబర్ల ఢిల్లీ ఎర్రకోటల యునెస్కో మీటింగు అయింది కదా, మన దీపావళి జాబితాల చేరిందని టీవీల చూపించిన్రు. అదే మీటింగుల ఘనా హైలైఫ్ కూడా చేరిందంటున్నరు, నిజమేనా?

టేమా_రాజు
సోమవారం, రాత్రి 10:52

నిజమే సాయిలన్నా. ఇక్కడ రేడియోలో పొద్దంతా అదే. మా డ్రైవర్ "మీ ఊళ్ళో మా పాటకి పట్టాభిషేకం చేశారు" అన్నాడు. నేనేదో దగ్గరుండి చేయించినట్టు ఆ రోజు బాంకు (పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద), చేపల పులుసు అతనే తినిపించాడు.

పాతరికార్డు
సోమవారం, రాత్రి 11:05

కోట లోపలికి చేరిందన్నమాట. టికెట్టు ఎంతో?

గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 9:45

నిన్నటి నుంచి ఇంట్లో ఇదే పని. మాస్టారు చెప్పిన 1928 రికార్డు నుంచి మొదలుపెట్టాం. గరగర శబ్దంలోంచి గిటార్ రాగానే మావాడు "ఇది కొంచెం సంతోషంగా, కొంచెం దిగులుగా ఉంది నాన్నా" అన్నాడు. జింక, చిరుతపులి కథ చెప్పి అంపాడు పాట పెట్టాను. జింక గెలిచిందా అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. సోరే మాత్రం నాకంటే వాడికే ఎక్కువ నచ్చింది, మాస్టారు క్షమించాలి.

రాజు గారూ, జింక సంగతి చివరికి ఏమైంది?

టేమా_రాజు
మంగళవారం, రాత్రి 10:20

నేనూ మా డ్రైవర్‌ని ఇదే అడిగాను ఒకసారి. "పాట అక్కడితో అయిపోయింది సార్" అన్నాడు, నవ్వి.

ఈ శనివారం మళ్ళీ అంత్యక్రియలకి వెళ్తున్నాను, వాళ్ళ బాబాయివి. తొంభై దాటిన మనిషి, డోళ్ళు గట్టిగానే మోగుతాయి. ఏం వాయించారో రాసుకొచ్చి పెడతాను.

బీట్_కిరణ్
మంగళవారం, రాత్రి 10:24

తెల్ల చొక్కా వద్దన్నా.